వ్రీహిముఖంపై అపనింద

“సూది తగిలితే పుండు పాకుతుంది” అన్నది మా కోనసీమలో నేటికీ చెల్లుతున్న నాణెం. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా అరుగుల మీద ఇదే శాస్త్రం. గడ్డనుండి ముక్క తీసి పరీక్షించాలని వైద్యుడు అన్నాడో లేదో, బంధువర్గమంతా చేరి రోగిని ఆకుపసరుకు మళ్ళిస్తుంది. గడ్డ ముదిరాక తిరిగి ఆసుపత్రికి తెస్తుంది. అప్పుడు సూది గుచ్చుతారు. రోగి దక్కకపోతే నింద సూదిది!

దీనినే మన పెద్దలు కాకతాళీయ న్యాయమన్నారు. కాకి వాలింది, తాటిపండు రాలింది. పండు రాలినది పండినందువల్ల. కాకి వాలినందువల్ల కాదు. ఇక్కడ ప్రాణం తీసినది జాప్యం, దొరికినది సూది.

“ఇది దొరల వైద్యం” అనేవారికొక మాట. సుశ్రుతుడు చెప్పిన ఇరవై శస్త్రాలలో వ్రీహిముఖం ఒకటి. వ్రీహి అనగా వడ్లు. వడ్లగింజ మొనవంటి ఆ శస్త్రంతో గుచ్చి, అండవృద్ధిలో చేరిన నీటిని తీయమన్నాడాయన. సుశ్రుతుడే బయాప్సీ చేశాడని గొప్పలు పోను. నాడు తీసినది నీరు, నేడు తీసేది సన్నని కండపోగు. కానీ మొనగల పనిముట్టును దేహంలోకి దింపడం మనకు పరాయిది కాదు. వరి పండించే సీమకు ఆ పేరైనా పరాయిది కారాదు.

ప్రమాదం బొత్తిగా లేదని కూడా అనను. కాలేయపు గడ్డల వంటి వాటిలో సూది దారివెంట కణాలు నాటుకోవడం అరుదుగా జరుగుతుంది. వృషణంలో కాన్సరని అనుమానిస్తే సాధారణంగా సూది గుచ్చరు, శస్త్రచికిత్సతోనే తీస్తారు. ఎక్కడ గుచ్చాలో, ఎక్కడ గుచ్చరాదో నిర్ణయించడానికే కదా వైద్యుడున్నది! అరుగు మీది పెద్దమనిషికి ఆ వివేచన ఏది?

వసిష్ఠకు ఆవల భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం మెథోట్రెక్సేటును లోకానికిచ్చింది. కొన్ని కాన్సర్లకు నేటికీ అది మందే. అయితే ఏ కాన్సరో తేలనిదే ఏ మందు ఇస్తారు? పైగా రొమ్ములో కనబడే గడ్డలలో అధికభాగం కాన్సర్లే కావు. ఆ చల్లని కబురు నిర్ధారించి చెప్పేదీ తరచుగా ఆ సూదియే.

వైద్యులకూ ఒక విన్నపం. ఇంగ్లీషు కాగితం ముందుకు తోసి సంతకం అడిగితే భయం తీరదు. ఏమి తీస్తారో, ఎందుకు తీస్తారో తెలుగులో రెండు మాటలు చెప్పండి. మీరు చెప్పని చోటనే అరుగు చెబుతున్నది.

చదువుకున్న మనం ఆ అరుగు పక్కనే కూర్చుని మౌనం వహిస్తున్నాము. మర్యాదకోసం మౌనమా? ఆ మర్యాదకు మూల్యం చెల్లిస్తున్నది రోగి.