'ఇక్కడ' అనగా ఎక్కడ?

బరంపురము బస్సు స్టాండులో నిలిచిన ప్రతి బస్సుకును ఊరి పేరు తీసివేసి, "ఈ బస్సు ఎక్కుడు" అని మాత్రము పలక కట్టినచో ప్రయాణికులు ఊరకుందురా? గంటలోపల అధికారి గదిముందు గుమిగూడుదురు. అట్టి పలకలనే మన సంఘములును, పాఠశాలలును, ప్రభుత్వ శాఖలును తమ వెబ్ పేజీలపై వరుసగా కట్టుచున్నవి. "ఇక్కడ నొక్కుడు", "ఇంకను చదువుడు", "వివరములు" అనునవియే ఆ పలకలు.

అంధులు వెబ్ పేజీని స్క్రీన్ రీడర్ ద్వారా విందురు. ఫోనులలో టాక్‌బ్యాక్ కలదు. కంప్యూటరులకు ఎన్.వి.డి.ఎ. అను ఉచిత సాధనము కలదు. దానిని 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ ఆరంభించెను. పిమ్మట జేమ్స్ తెహ్ ఆయనతో చేరెను. ఇరువురును అంధులే. చూపుగలవాడు పేజీనంతయు ఒక్కమారు కలయజూచి తనకు కావలసినచోట ఆగును. వినువానికి ఆ సౌకర్యము లేదు. కావున అతడు ట్యాబ్ మీటతో ఒక లింకునుండి మరియొక లింకునకు దాటుచు పోవును. లేక పేజీలోని లింకులనన్నిటిని ఒక జాబితాగా రప్పించుకొని వినును. ఆ జాబితాయే అతనికి విషయసూచిక. అందు వినబడునదేమి? "లింకు, ఇక్కడ నొక్కుడు. లింకు, ఇక్కడ నొక్కుడు. లింకు, ఇక్కడ నొక్కుడు."

పరుల తప్పు లెన్నుటకు ముందు మా తప్పు చెప్పుకొందుము. మా సంఘపు పేజీలో విద్యార్థి వేతనముల ప్రకటన వెలువడినది. అందు తొమ్మిది లింకులు. తొమ్మిదియు "ఇక్కడ నొక్కుడు" అనునవే. హోసూరు ప్రాంతమునుండి అంధ విద్యార్థి యొకడు మొదటిది నొక్కగా వార్షికోత్సవపు ఛాయాచిత్రములు తెరచుకొన్నవి. రెండవది గత సంవత్సరపు దరఖాస్తు. మూడవది స్కాను చేసిన కాగితపు బొమ్మ. అందు అక్షరములే లేవు గనుక యంత్రము నోరు మెదపలేదు. గడువు ముగిసిన మరునాడు అతని జాబు మాకు చేరినది. "ఫోను చేసియుండవచ్చును గదా" అని బదులు వ్రాసితిమి. ఆ బదులు వ్రాసినందుకు సిగ్గుపడుచున్నాము.

ఏలయనగా, తెలియని భాషలో ప్రకటన పంపుట పంపకుండుటతో సమానమని ప్రభుత్వములతో వాదించువారము మనమే. 1956లో రాజ్యాంగమునకు 350-బి అధికరణము చేరి, భాషాల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారి యేర్పడినదిమొదలు మనము పెట్టిన విన్నపములన్నిటి సారమిదియే. ఆ న్యాయము మన గడపలోపల చెల్లదా?

"అంధులెందరు మన పేజీ చూచెదరు?" అని కార్యవర్గములో ఒక మిత్రుడు ప్రశ్నించెను. ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. "ఈ తాలూకాలో తెలుగువారెందరు?" అని మనలను అడుగని కచేరి కలదా? దారి మూసియుంచి, వచ్చినవారిని లెక్కించుట ఏటి లెక్క?

మరియొకరు, లింకు చుట్టునున్న వాక్యమే అర్థము చెప్పునుగదా యనిరి. నిజమే. వెబ్ సౌలభ్యమునకు 2008లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణములు, కనీసపు మెట్టున, లింకు ఉద్దేశము దాని పరిసర వాక్యమునుబట్టి తెలిసినను చాలుననుచున్నవి. కాని లింకు మాటలనుబట్టియే తెలియవలెనన్నది వానిలోనే పైమెట్టు. జాబితాలోనికి లింకు ఒంటరిగా వచ్చును, పరిసరము వెంటరాదు. సందు ఇచ్చిరని సందులోనే కాపురముండవలెనా?

చేయవలసినది స్వల్పము. "విద్యార్థి వేతన దరఖాస్తు, తెలుగు, పి.డి.ఎఫ్." అని వ్రాసిన చాలును. పైకమక్కరలేదు. బొమ్మనే లింకుగా పెట్టినచో దానికి మాటలు జతచేయవలయును. లేనిచో యంత్రము ఫైలు పేరునో, చిరునామానో అక్షరములు అంకెలుగా అప్పగించును.

మనకు ప్రత్యేకముగా పట్టవలసినది మరియొకటి. కన్నడ పేజీలోనో ఒడియా పేజీలోనో "తెలుగు" అని లింకు పెట్టునప్పుడు, ఆ మాట తెలుగని పేజీ లోపలి గుర్తులో తెలుపవలయును. లేనిచో కొన్ని కంఠములు ఆ అక్షరములను పలుకక దాటిపోవును. మనము పోరి సాధించిన తెలుగు లింకు అంధుడైన తెలుగువానికి మౌనముగనే మిగులును!

దయాధర్మపు మాటగా దీనిని తలపవలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 42వ సెక్షను ఈ సౌలభ్యమును గూర్చినదే. డిజిటల్ సేవల అందుబాటు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పినది.

మా పేజీలోని తొమ్మిది లింకులను ఈ వారము మార్చితిమి. స్కాను కాగితమును మరల టైపు చేయించితిమి. ఆ విద్యార్థి దరఖాస్తును గడువుతో నిమిత్తము లేక స్వీకరింపవలెనని రాబోవు కార్యవర్గ సమావేశమున ప్రతిపాదించుచున్నాము. కాదనువారు సభలో లేచి కారణము చెప్పవలయును.