రాత్రి ఎవరి పేరు మీద ఉంది?

మాదాపూర్‌లో అయ్యప్ప సొసైటీ వైపు సందుల్లోకి వెళ్తే వరసగా ఆడపిల్లల హాస్టళ్లు కనిపిస్తాయి. ఒక్కో గదిలో మూడేసి, నాలుగేసి మంచాలు, కింద వాచ్‌మన్, గోడకి నిబంధనల బోర్డు. రాత్రి పది దాటితే గేటు తీయరని ఆ బోర్డు చెబుతుంది. కానీ తెల్లవారుజామున రెండింటికీ మూడింటికీ కూడా ఆ గేటు తెరుచుకుంటూనే ఉంటుంది. కంపెనీ క్యాబ్ ఆగుతుంది. మెడలో ఐడీ కార్డుతో ఒకమ్మాయి దిగుతుంది. వాచ్‌మన్ రిజిస్టర్‌లో 'షిఫ్ట్' అని రాసుకుని తాళం తీస్తాడు. ఆడపిల్ల రాత్రిపూట బయట తిరగడం మీద మనవాళ్లకున్న అభ్యంతరం ఎంత గట్టిదో తెలుసుకోవాలంటే ఆ రిజిస్టర్ చూడాలి.

దాని సంగతి నాకు చెప్పింది ఒకప్పటి నా విద్యార్థిని. పేరు రాయొద్దంది. వయసు ఇరవై నాలుగు, ఊరు పాలమూరు వైపు. వాళ్ల నాన్న ఈ అద్దాల మేడలకి సెంట్రింగ్ పని చేయడానికి వచ్చిన మనిషి. కూతురు ఇప్పుడు అలాంటి మేడలోనే అమెరికా కస్టమర్లకి సమాధానాలు చెబుతుంది. క్యాబ్‌లో వచ్చేటప్పుడు, పోయేటప్పుడు ఫోన్లో ర్యాప్ రాసుకుంటుంది. ఒక రాత్రి ఓ కెఫేలో ఓపెన్ మైక్‌కి పిలిచారు. పాడి పదకొండున్నరకి తిరిగొస్తే గేటు తీయలేదు. మెట్ల మీద కూర్చుని నాకు ఫోన్ చేసింది. "పని చేసొచ్చిన అంటే తీస్తడు మేడం. పాట పాడొచ్చిన అంటే తియ్యడు. నేనొక్కదాన్నే గద, రెండు దిక్కులా?"

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి నేను చెప్పలేకపోయిన జవాబు.

1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వచ్చినప్పుడు దాని ప్రకారం ఆడవాళ్ల చేత రాత్రిపూట పని చేయించడానికి వీల్లేకుండా ఉండేది. ఐటీ కంపెనీల కోసం మాత్రం రవాణా, భద్రత కల్పించాలన్న షరతుతో ప్రభుత్వాలు మినహాయింపులిస్తూ వచ్చాయి. మంచిదే, ఆ ఉద్యోగాలు లక్షలాది ఆడపిల్లల్ని పెళ్లిచూపుల నుంచి కొన్నేళ్లయినా కాపాడాయి. కానీ ఆ మినహాయింపు ఎవరికి వచ్చిందో గమనించండి. కంపెనీకి వచ్చింది. అమ్మాయికి రాలేదు. రాత్రి ఆమె పేరు మీద పట్టా కాలేదు, కంపెనీ పేరు మీదే అయింది. ఆమె అందులో కౌలుదారు. 2013 అక్టోబర్‌లో మాదాపూర్‌లో ఒక మాల్ దగ్గర క్యాబ్ ఎక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని అపహరించి అత్యాచారం చేశారు. ఆ తర్వాత 2014లో షీ టీమ్స్ వచ్చాయి, ఐటీ కారిడార్‌కి ప్రత్యేకంగా షటిల్ బస్సులు వచ్చాయి. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ హత్య జరిగాక ముఖ్యమంత్రి చెప్పిన పరిష్కారం, ఆర్టీసీ మహిళా ఉద్యోగులకి రాత్రి ఎనిమిది దాటి డ్యూటీలు వద్దని. కండక్టరమ్మ ఎనిమిదికి ఇంటికి పోవాలి, కోడ్ రాసే అమ్మాయి ఎనిమిదికి క్యాబ్ ఎక్కాలి. ఇద్దరికీ చెప్పిన కారణం రక్షణే!

ఇప్పుడు పాట దగ్గరికి వద్దాం. ఈ నగరంలో ఒక కుర్రాడు ర్యాపర్ ఎలా అవుతాడు? ముందు బ్యాచిలర్ రూము ఉండాలి. అందులో ఒక లాప్‌టాప్, ఓ మోస్తరు మైకు, నెట్లో దొరికే బీట్లు. రాత్రంతా రికార్డింగ్ చేసుకుంటాడు. వారాంతాల్లో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి కెఫేల్లో పాడతాడు. 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన మీద తెల్లవారకముందే వీడియో తీస్తాడు. యూట్యూబ్‌లో పెడతాడు, ఎదురుచూస్తాడు. అదృష్టం బాగుంటే సినిమా పిలుస్తుంది, రెండు చరణాల మధ్య నాలుగు లైన్లు దక్కుతాయి. రోల్ రైడా సొంత వీడియోలతో మొదలై 2018లో బిగ్‌బాస్ రెండో సీజన్ దాకా వెళ్లాడు. నోయెల్ సినిమా నటుడయ్యాడు. ప్రణవ్ చాగంటి మన తెలుగు మాటలకే ఆ నడక పట్టించాడు. పాతబస్తీ దక్కనీలో రుహాన్ అర్షద్ పాడిన 'మియా భాయ్' కోట్లమందికి చేరింది. వీళ్లెవరి శ్రమనీ నేను తక్కువ చేయడం లేదు. మా క్లాసులో ఒకసారి హైదరాబాద్ ర్యాపర్ల పేర్లు చెప్పమన్నాను. బోర్డు నిండింది. ఒక్క ఆడపేరు లేదు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి 'స్మిత' అంది, వెంటనే తనే 'కాదులే, పాప్ కదా' అని సర్దుకుంది.

పైన చెప్పిన మెట్లలో ప్రతిదానికీ ఒక రాత్రి కావాలి, ఒక గది కావాలి. వర్జీనియా ఉల్ఫ్ అడిగిన గదిని మనం పాతికేళ్లుగా ఉటంకిస్తున్నాం గానీ, ఆ గదికి తాళం ఎవరి దగ్గరుంటుందన్నది నాకు మాదాపూర్‌లోనే అర్థమైంది. మా అమ్మాయి పగలు పదకొండింటికి రికార్డు చేసుకుంటుంది. తోటివాళ్లు డ్యూటీలకి వెళ్లాక గది ఖాళీ అవుతుంది కదా, అప్పుడు. బీరువా తలుపులు రెండూ తెరిచి, వేలాడే బట్టల మధ్య తల పెట్టి, ఫోన్లోకి పాడుతుంది. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయట. నిద్రపోవాల్సిన గంటల్లోంచి తీసిన పాట అది. మెట్రో ఆఖరి బండి అర్ధరాత్రి కాకముందే వెళ్లిపోతుంది కాబట్టి ఎక్కడ పాడినా తన వంతు ముందే ఇవ్వమని నిర్వాహకుల్ని బతిమాలాలి. అలా జనం రాకముందే, కుర్చీలు సర్దుతుండగానే పాడేస్తుంది. 'స్వతంత్ర కళాకారిణి' అంటే ఏ కంపెనీకీ కట్టుబడనిదని అర్థమట. ఆ అర్థం మగవాళ్ల కోసం రాసుకున్నది.

ఇలా మాట్లాడినప్పుడల్లా ఎవరో ఒకరు "రాజకుమారి లేదూ?" అంటారు. ఉంది. శ్వేతా యల్లాప్రగడ రావు, కాలిఫోర్నియాలో పుట్టిన తెలుగమ్మాయి. చిన్నప్పుడే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుంది. పాప్ తారలకి పాటలు రాస్తూ ఎదిగింది. ఫాల్ అవుట్ బాయ్ బృందం 2014లో విడుదల చేసిన 'సెంచురీస్' రచయితల్లో ఆమె ఒకరు. ఇగ్గీ అజేలియా, గ్వెన్ స్టెఫానీ లాంటివాళ్లతో పనిచేసింది. 2016లో సొంత ఈపీ 'ద కమ్ అప్', 2017లో ముంబయి ర్యాపర్ డివైన్‌తో 'సిటీ స్లమ్స్', 2019లో ఎంటీవీ 'హజిల్'లో న్యాయనిర్ణేత స్థానం. ఆ తర్వాత గాడ్‌మదర్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకుని 2023లో 'ద బ్రిడ్జ్' ఆల్బమ్ తెచ్చింది. పెద్ద లేబుల్ నీడలోంచి బయటికొచ్చి తన పాటకి తనే యజమాని కావడం ఏ ఆడమనిషికైనా చిన్న విషయం కాదు. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆమెను చూపించి తలుపు తెరిచే ఉందని చెప్పేవాళ్ల మీదే నా ఫిర్యాదు. ఆ తలుపు ఎక్కడుంది? హైదరాబాద్ నుంచి చూస్తే పాస్‌పోర్ట్‌కి అవతల ఉంది. ఆమె ర్యాప్‌ని మన మధ్యతరగతి ఇళ్లు ఎందుకు ముచ్చటపడి చూస్తాయి? బొట్టు, పాపిటబిళ్ల, ముద్రలు, జతులు ఉన్నాయి కాబట్టి. కాలికి గజ్జె కడితే నోట్లో ఏ మాటున్నా కొంత మాఫీ. ఆ కూచిపూడి కథ మనకు తెలియనిది కాదు. తరతరాలుగా బ్రాహ్మణ పురుషులు స్త్రీ వేషం కట్టి ఆడిన కళ అది. ఇరవయ్యో శతాబ్దంలో మంచి కుటుంబాల ఆడపిల్లలకి అదొక గౌరవమైన విద్య అయింది. అదే కాలంలో కళావంతుల స్త్రీలకి మాత్రం వాళ్ల ఆట చట్టరీత్యా నేరమైంది. ఇవాళ ప్రపంచ వేదిక మీద తెలుగు ర్యాప్‌కి గుర్తింపు కార్డుగా శాస్త్రీయ నృత్యం పనికొస్తోంది. మా అమ్మాయికి ఆ కార్డు లేదు. ఆమె దగ్గరున్నది వాళ్ల మేనమామ డప్పు. ఆ దరువు మీద పాడితే "ఫోక్‌లోకి మారిపో, వ్యూస్ వస్తాయి" అని సలహా ఇస్తున్నారట!

ఆ సలహా పూర్తిగా పిచ్చిది కాదు. తెలంగాణ జానపదం యూట్యూబ్‌లో ఆడగొంతులకి నిజంగానే బతుకునిచ్చింది. అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చిన మంగ్లీ అక్కణ్ణించే సినిమాకి వెళ్లింది. కానీ జానపదంలో ఆడది పాడటానికి ఊరి అనుమతి ముందే ఉంది. నాటు, కలుపు, బతుకమ్మ, పెళ్లి, చావు, వీటన్నిటికీ ఆమె గొంతు కావాలి. ఆ అనుమతి గీత దాటి రాజకీయంలోకి అడుగేసిన పాటగత్తెకి ఏమైందో భువనగిరిలో చూశాం. బెల్లి లలితను 1999 మేలో ముక్కలు చేశారు, సైబర్ టవర్స్ ప్రారంభమైన ఆర్నెల్లకి. ర్యాప్‌కి ఏ ఊరి అనుమతీ లేదు. అది సిగ్గులేకుండా 'నేను' అనే ప్రక్రియ. నేను గొప్ప, నాకు కోపం, నాకు ఆకలి, నాకు కోరిక. ఆడదాని నోట ఆ 'నేను' వినడానికి మనం ఎప్పుడూ సిద్ధంగా లేం.

మనం అంటే స్త్రీవాదులం కూడా.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. నాలుగేళ్ల కిందట మేం కొందరం కలిసి స్త్రీల మౌఖిక సాహిత్యం మీద ఒక సదస్సు పెట్టుకున్నాం. అప్పుడు డిగ్రీ చదువుతున్న ఈ అమ్మాయి తన ర్యాప్ రెండు పేజీలు తెచ్చి, పాడతానంది. చదివి నేనన్నాను: "ఇది అనుకరణలా ఉందమ్మా. మీ నాయనమ్మ నాట్ల పాటలుంటాయి కదా, అవి సేకరించి తీసుకురా." ఆమె తీసుకురాలేదు. నేనూ మర్చిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. నాకు ఆమె కవిగా అక్కర్లేదు, సమాచారం తెచ్చిచ్చే మనిషిగా కావాలి. నాయనమ్మ పాట సాహిత్యం, మనవరాలి పాట అనుకరణ!

హిప్‌హాప్ మగవాళ్ల ఆట అని కొట్టిపారేసే మనకి దాని పుట్టుకైనా తెలుసా? 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఏ పార్టీలో అది పుట్టిందంటారో, ఆ పార్టీ ఏర్పాటు చేసింది సిండీ క్యాంబెల్ అనే అమ్మాయి. బడికి కొత్తబట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాల్సి వచ్చి. పాటలు తిప్పిన అన్న డీజే కూల్ హెర్క్ చరిత్రకెక్కాడు, చెల్లెలు ఫుట్‌నోట్ అయింది. 1979లో 'రాపర్స్ డిలైట్' తెచ్చిన లేబుల్ వెనక సిల్వియా రాబిన్సన్ ఉంది. 1984లో పద్నాలుగేళ్ల రొక్సాన్ షాంటే మగ ర్యాపర్ల ఎకసెక్కానికి పాటతోనే జవాబిచ్చింది. ఈ రంగం మీద ట్రీషియా రోజ్ 'బ్లాక్ నాయిజ్' 1994లోనే వచ్చింది. జోన్ మోర్గన్ 1999లో 'హిప్‌హాప్ ఫెమినిజం' అని పేరు పెట్టి మరీ మాట్లాడింది. థియరీ పేపర్లో అమెరికా నల్లజాతి స్త్రీవాదం అంతా చెప్పే మనం ఈ పుటలు మాత్రం ఎందుకు తిప్పేస్తాం?

ర్యాప్‌లో బూతుంది, స్త్రీని వస్తువుగా చూడటం ఉంది అంటారు. ఉంది, నాకూ చెవులున్నాయి. ప్రబంధ నాయిక అంగాంగ వర్ణన మాత్రం ఒక సెమిస్టరంతా పాఠం చెబుతాం కదా, అలంకార శాస్త్రం పేరుతో. శ్రీశ్రీ ప్రాసలతో ఆడుకుంటే 'ప్రాసక్రీడలు', ఈ పిల్ల ఆడుకుంటే ఇంగ్లిష్ వెర్రి. ముద్దుపళని పుస్తకాన్ని నాగరత్నమ్మ 1910లో తిరిగి అచ్చు వేస్తే వచ్చిన నిషేధం 1947 దాకా ఎత్తలేదు. ఎనభైల్లో మన కవయిత్రులు శరీరం గురించి రాస్తే నీలి కవితలన్నారు. ఆ నింద మోసినవాళ్లే 1993లో 'నీలిమేఘాలు' సంకలనమయ్యారు. ఆ సంకలనాన్ని ఎమ్మే సిలబస్‌లోకి తేవాలని కొట్లాడే మనం, ఇరవై నాలుగేళ్ల పిల్ల మైకు ముందు అదే పని చేస్తే 'అనుకరణ' అంటున్నాం. ఇక్కడ 'మనం' అనడం కూడా ఒక తప్పుకోవడమే. అన్నది నేను.

ఆ రాత్రి మెట్ల మీద నుంచి ఆమె ఫోన్ చేశాక మా మధ్య మళ్లీ మాటలు మొదలయ్యాయి. పోయిన నెల ఇంకో చోట పాడటానికి పిలుపొచ్చింది, ఈసారి ఆమె వంతు పదిన్నరకి. హాస్టల్లో చూపించడానికి ఒక ఉత్తరం కావాలంది, హోదా ఉన్నవాళ్లెవరైనా సంతకం పెట్టింది. ఏమని రాయాలి? ర్యాప్ కచేరీ అంటే ఒప్పుకోరు, సంగీతం అంటే ఆర్కెస్ట్రానా అని అనుమానిస్తారు. చాలాసేపు ఇద్దరం ఆలోచించాం. చివరికి నా పేరు, నా డాక్టరేటు రాసుకుని, ఫలానా అమ్మాయి ఒక సాహిత్య కార్యక్రమంలో తన రచనలు వినిపించడానికి వెళుతోందని, తిరిగి వచ్చేసరికి పన్నెండవుతుందని రాసి సంతకం చేశాను. రాస్తుంటే పక్కన నిలబడి చదివింది. 'సాహిత్య' అన్న దగ్గర నా ముఖం చూసింది, ఏమీ అనలేదు.

గేటు తీశారట. రిజిస్టర్‌లో 'షిఫ్ట్' అని రాసే గడిలో ఏం రాయాలో తెలియక వాచ్‌మన్ ఖాళీగా వదిలేశాడట. ఉత్తరం ఆ ఒక్క రాత్రికే చెల్లుతుందని వార్డెన్ చెప్పింది. వచ్చే శనివారానికి మరొకటి కావాలని నిన్న మెసేజ్ పెట్టింది, కింద కొత్తగా రాసిన ఎనిమిది లైన్లతో.