కంటితో మిక్సింగ్

ప్లగిన్ తెరవగానే ముందు పనిలోకి దిగేది చెవి కాదు, కన్ను. ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-క్యూ ఈక్వలైజర్ తెరమీద గ్రాఫ్ ఒకచోట ఎత్తుగా లేస్తే చాలు, గాయని గొంతు బాగానే వినిపిస్తున్నా అక్కడ కోత పెట్టేదాకా చెయ్యి ఊరుకోదు. ఎల్‌ఏ-2ఏ నమూనా కంప్రెసర్లలో ప్రధానంగా రెండే నాబ్‌లు, ఒక ముల్లు మీటరు; తిప్పి వినాల్సిందే. క్రిస్ జాన్సన్ తయారుచేసిన ఎయిర్‌విండోస్ ప్లగిన్లలో చాలావాటికి ఆ హంగు కూడా లేదు, ఉత్త స్లైడర్లే.

గ్రాఫ్ దండగని కాదు. చిన్న స్పీకర్లలో వినపడని 30 హెర్ట్జ్ రొదను పట్టిచ్చేది అదే. కానీ తీర్పు చెవిదే కావాలి. ఈ సంచికలోని మిక్సింగ్ వ్యాసాలు ఆ సంగతే చర్చిస్తాయి. చదివాక మీ మిక్స్‌ను ఒకసారి కంప్యూటర్ తెర ఆపేసి వినండి. ఏం మార్చాలనిపించిందో మాకు రాయండి.

- సంపాదకుడు