దూరపు కొండలు, డెలావేర్ కంపెనీలు

ఈ మధ్య డాలస్‌లో మనవాళ్ళు ఎక్కడ కలిసినా మాటలు ఇళ్ళ ధరల దగ్గర మొదలై "సొంత కంపెనీ" దగ్గర ఆగుతున్నాయి. "డెలావేర్‌లో పెట్టండి, టాక్సు ఉండదు" అని ఒకరంటే, "టెస్లాయే అక్కణ్ణుంచి టెక్సస్‌కి వచ్చేసింది కదండీ" అని ఇంకొకరు. నేనూ, నా మిత్రుడూ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడదామనుకుని ఈ రెండు మాటల మధ్య నెల రోజులు నలిగిపోయాం.

ముందు పెద్ద కంపెనీల సంగతి. ఫార్చ్యూన్ 500 కంపెనీల్లో దాదాపు మూడింట రెండు వంతులు డెలావేర్‌లోనే నమోదయ్యాయి. 1792 నుంచి ఉన్న అక్కడి ఛాన్సరీ కోర్టులో జ్యూరీ ఉండదు. కంపెనీ చట్టంలో ఆరితేరిన జడ్జీలే తీర్పు చెబుతారు. ఆ కోర్టు 2024 జనవరిలో ఎలాన్ మస్క్‌కు టెస్లా ఇచ్చిన సుమారు 56 బిలియన్ డాలర్ల ప్యాకేజీని కొట్టేసింది. ఆ జూన్‌లో వాటాదార్ల ఓటుతో టెస్లా టెక్సస్‌కు మారింది. కంపెనీలు జారిపోతాయన్న భయంతో డెలావేర్ 2025 మార్చిలో చట్టాన్ని సవరించి యాజమాన్యాలకు ఊరటనిచ్చింది. ఆ డిసెంబర్లో అక్కడి సుప్రీంకోర్టు మస్క్ ప్యాకేజీని పునరుద్ధరించింది. ఈలోగా టెక్సస్ కూడా 2024 సెప్టెంబర్లో వ్యాపార తగాదాలకు ప్రత్యేక కోర్టులు తెరిచింది.

ఇదంతా వేల, లక్షల మంది వాటాదార్లున్న కంపెనీల పోరు. ఇద్దరే ఉన్న మా ఎల్.ఎల్.సి.కి ఇందులో ఒరిగేదేమిటి? కాగితం తీసి లెక్క వేశాం.

2025 లెక్క ప్రకారం టెక్సస్‌లో ఎల్.ఎల్.సి. నమోదుకు ఒక్కసారి 300 డాలర్లు. డెలావేర్‌లో పెడితే నమోదు ఫీజు కాక, ఆదాయం ఉన్నా లేకున్నా ఏటా 300 డాలర్లు, పైగా అక్కడి రిజిస్టర్డ్ ఏజెంటుకు ఏటా ఫీజు. పని చేసేది ఇక్కడ కనక టెక్సస్‌లో "ఫారిన్" కంపెనీగా మళ్ళీ నమోదు చేసుకోవాలి. అందుకు 750 డాలర్లు! పన్ను ఆదా అవుతుందా అంటే అదీ లేదు. పన్ను పని జరిగే చోటును చూస్తుంది కానీ, నమోదైన చోటును కాదు. కాలిఫోర్నియాలో కూర్చుని వ్యాపారం చేస్తూ నెవాడాలో ఎల్.ఎల్.సి. పెట్టినా, కాలిఫోర్నియాకు ఏటా కనీసం 800 డాలర్లు కట్టక తప్పదు.

వెంచర్ కాపిటల్ తెచ్చుకునే ఆలోచన ఉంటే సంగతి వేరు. ఆ పెట్టుబడిదార్లు డెలావేర్ కార్పొరేషనే కావాలంటారు. ఆ రోజు వస్తే అప్పుడు మార్చుకోవచ్చు.

ఈ చర్చలో పడి మేము అసలు విషయం దాదాపు మరిచిపోయాం. నా మిత్రుడు హెచ్-1 మీద ఉన్నాడు. కంపెనీలో వాటా ఉండొచ్చు కానీ, అనుమతి లేకుండా అందులో పని చేయకూడదు. ఇది ఫెడరల్ నిబంధన. రాష్ట్రం మారితే మారేది కాదు. పొరపాటు జరిగితే పోయేది ఫీజు కాదు, ఇన్నేళ్ళ కష్టంతో నిలబెట్టుకున్న స్టేటస్.

చివరికి టెక్సస్‌లోనే పెట్టాం. అతను ప్రస్తుతానికి పెట్టుబడి వాటాకే పరిమితం. మిగిలిన డబ్బుతో లాయరు చేత భాగస్వామ్య ఒప్పందం రాయించుకున్నాం: ఎవరి వాటా ఎంత, ఒకరు తప్పుకుంటే ఏమిటి అన్నది.

దూరపు కొండలు నునుపు. కంపెనీ ఏ రాష్ట్రంలో పెట్టాలో అడిగే ముందు, అందులో ఎవరు పని చేయవచ్చో, పని ఎక్కడ జరుగుతుందో అడగండి. చాలామందికి జవాబు అక్కడే దొరుకుతుంది.