ప్రమోద్‌ మొదలుపెట్టిన పని

నిజామాబాద్‌ సీసీఎస్‌ కానిస్టేబుల్‌ ప్రమోద్‌ 2025 అక్టోబర్‌ 17 రాత్రి ఒక పాత నేరస్థుణ్ణి పట్టుకుని బైక్‌ మీద స్టేషన్‌కు తీసుకెళ్తున్నారు. దారిలో వాడు కత్తి తీసి ఛాతీలో పొడిచాడు. ప్రమోద్‌ ప్రాణాలు విడిచారు. పారిపోయిన నిందితుడు 19న దొరికాడు. 20న నిజామాబాద్‌ ప్రభుత్వాసుపత్రిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. 21న హైదరాబాద్‌ గోషామహల్‌లో పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. ప్రమోద్‌ కుటుంబానికి కోటి రూపాయలు, ఒకరికి ప్రభుత్వోద్యోగం, 300 గజాల ఇంటి స్థలం ఇస్తామని ముఖ్యమంత్రి ఆ వేదిక మీదే ప్రకటించారు. హత్య, పట్టివేత, కాల్పులు, నివాళి. అయిదు రోజుల్లో అంతా ముగిసింది.

అలా ముగిసిపోవడం మీదే నా అభ్యంతరం.

కుటుంబానికి ఇచ్చినదాని మీద కాదు. అది దయతో ఇచ్చింది కాదు, బాకీ. సర్వీసు మిగిలి ఉన్నంత కాలం ఆ ఇంటికి రావలసిన జీతం, పిల్లల చదువు, అన్నీ రావాలి, సకాలంలో రావాలి. నా పేచీ 20వ తేదీతో. ఆ రోజు టీవీ చర్చల్లో, ఫోన్లలో, టీ కొట్ల దగ్గర సాగిన వాదనతో. కోర్టుకు పంపితే ఏళ్లకేళ్లు సాగదీస్తారట, బెయిల్‌ మీద తిరుగుతాడట, కాబట్టి ప్రమోద్‌కు అసలైన నివాళి ఇదేనట. చదువుకున్నవాళ్లూ అన్నారు, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లూ అన్నారు. ఆ మాట ప్రమోద్‌ చేసిన పనినే తిరగేసి చెబుతోందని ఎవరికీ తట్టలేదు. చంపడమే పని అయితే ఆయన ఆ నిందితుణ్ణి బండెక్కించుకోవలసిన అవసరమే లేదు. ప్రాణాలతో పట్టుకుని, ప్రాణాలతో స్టేషన్‌లో అప్పగించడానికి బయలుదేరారు. ఆ పని మధ్యలో పోయారు. ఆయన తలపెట్టింది పూర్తిచేయడం నివాళి అవుతుందా, దాన్ని రద్దు చేయడం అవుతుందా?

ఈ దేశంలో ఇలాంటి ప్రశ్నకు ఒక జవాబు ఉంది. అందరికీ తెలుసు, వాదనలోకి మాత్రం ఎవరూ తీసుకురారు. 2008 నవంబర్‌ 26 అర్ధరాత్రి దాటాక ముంబయి గిర్‌గాం చౌపాటీ దగ్గర అసిస్టెంట్‌ సబ్‌ఇన్‌స్పెక్టర్‌ తుకారాం ఓంబ్లే చేతిలో ఉన్నది లాఠీ ఒక్కటే. ఎదుట ఏకే-47. ఆయన ఆ తుపాకీ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు. తూటాలన్నీ తన ఒంట్లోకే దిగాయి. ఆయన వదలకపోవడం వల్లనే వెనక ఉన్న సహచరులు కసబ్‌ను సజీవంగా పట్టుకోగలిగారు. ఆ రాత్రి ముంబయి మీద దాడి చేసిన పదిమంది ఉగ్రవాదుల్లో ప్రాణాలతో చిక్కింది అతనొక్కడే. ఆస్పత్రిలో అతనికి వైద్యం చేయించారు, కాపలా పెట్టారు, జైలులోనే ప్రత్యేక కోర్టు ఏర్పాటు చేశారు, వకీలును ఇచ్చారు. 2010 మే నెలలో ప్రత్యేక కోర్టు తీర్పు, 2011 ఫిబ్రవరిలో హైకోర్టు తీర్పు, 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు తీర్పు. 2012 నవంబర్‌ 21న ఉరి. ఓంబ్లే కన్నుమూసిన నాటి నుంచి లెక్కపెడితే నాలుగేళ్లకు ఆరు రోజులు తక్కువ.

నాలుగేళ్లకు ఆరు రోజులు తక్కువ. 166 మందిని బలిగొన్న కేసు, పరాయి దేశస్థుడైన నిందితుడు, సముద్రం అవతల అల్లిన కుట్ర, వందల మంది సాక్షులు. అంత బరువైన కేసు మూడు కోర్టులు దాటి, క్షమాభిక్ష దరఖాస్తు కూడా ముగిసి, అన్నాళ్లలో తేలిపోయింది. అదే కేసులో నిందితులుగా నిలబెట్టిన ఇద్దరు భారతీయుల మీద సాక్ష్యం చాలదని కోర్టు వదిలేసింది, సుప్రీంకోర్టూ దాన్ని సమర్థించింది. కసబ్‌కు పడిన శిక్షను ప్రపంచం నమ్మిందంటే ఆ ఇద్దరు విడుదలైన కోర్టు అది కాబట్టి కూడా. మరి నిజామాబాద్‌లో ఒక కత్తిపోటు కేసుకు, ఊరు ఊరంతా ఎరిగిన పాత నేరస్థుడి మీద, సంఘటన మన కళ్లెదుటి రోడ్డు మీదే జరిగినప్పుడు, కోర్టు పనికిరాదని ఏ ధైర్యంతో తేల్చేశారు?

ఆస్పత్రిలో ఏం జరిగిందన్న దాని మీద పోలీసుల మాటనే నిజమనుకుందాం. కాపలా ఉన్న కానిస్టేబుల్‌ దగ్గర తుపాకీ లాక్కోబోయాడు, ఆత్మరక్షణకు కాల్చారు. సరే. అంతకు మూడు రోజుల ముందు అదే మనిషి పోలీసుల చేతుల్లో ఉండగానే కత్తి తీసి ఒక పోలీసును చంపాడు. రాష్ట్రం మొత్తం కళ్లు అతని మీదే ఉన్నాయి. గాయాలతో మంచం మీద ఉన్నాడు. అప్పటికీ అతని చేతికి తుపాకీ అందేంత దూరంలో ఉందంటే, 17న ప్రమోద్‌ ప్రాణం తీసిన లోపమే 20న మళ్లీ కనిపించిందన్నమాట. పోలీసులు చెప్పినదే నిజమైతే అది గొప్పగా చెప్పుకోవలసిన కథ కాదు, శాఖ తలవంచుకుని సమాధానం చెప్పుకోవలసిన కథ. నిజం కాకపోతే అది నేరం. ఈ రెండింట్లో దేనికీ చప్పట్లు కొట్టలేం.

విచారణ జరిగి ఉంటే ఏం తెలిసేదో చూడండి. పాత నేరస్థుణ్ణి తీసుకురావడానికి జీపు ఎందుకు లేదు? బండెక్కించే ముందు ఒళ్లు తడిమి చూశారా? కత్తి ఎక్కడిది? బేడీలు వేశారా? వేయకపోతే ఎందుకని? బేడీల మీద సుప్రీంకోర్టు 1980 నుంచీ పెట్టిన ఆంక్షలను పోలీసులు దశాబ్దాలుగా సాకుగా చూపిస్తూ వచ్చారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత 43వ సెక్షన్‌ అలవాటు నేరస్థుల విషయంలో అరెస్టు సమయంలో బేడీలు వాడే అధికారాన్ని స్పష్టంగా ఇచ్చింది. చట్టం మారి ఏడాది దాటింది. ఆ మార్పు నిజామాబాద్‌లో రాత్రిపూట దొంగల వెంట తిరిగే కానిస్టేబుల్‌ నడుముకు ఒక జత బేడీలై చేరిందా, లేక సెమినార్‌ హాలులో స్లైడ్‌గానే ఉండిపోయిందా? డిఫెన్స్‌ లాయర్‌ ఈ ప్రశ్నలన్నీ అడిగేవాడు. తన క్లయింటును కాపాడుకోవడానికే అడిగేవాడు, కానీ జవాబులు రేపు ఇంకో ప్రమోద్‌ను కాపాడేవి. ఆ ప్రశ్నలడిగే చోటు ఇప్పుడు లేదు. నిందితుడు చనిపోతే అతని మీద కేసు మూసేస్తారు, దాంతో పాటే శాఖ చెప్పుకోవలసిన సంజాయిషీ కూడా ఫైల్లోకి పోతుంది. చప్పట్ల చప్పుడులో ఇదెవరికీ వినపడలేదు.

ఇలా మూసుకుపోయిన కేసు మనకు కొత్త కాదు. గ్రేహౌండ్స్‌ను తీర్చిదిద్దిన ఐపీఎస్‌ అధికారి కె.ఎస్‌. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాద్‌ లాల్‌బహదూర్‌ స్టేడియంలో జాగింగ్‌ చేస్తుండగా పీపుల్స్‌వార్‌ దళం కాల్చి చంపింది. ఆ కేసులో ప్రధాన నిందితుడిగా పేరు పడిన నయీం బెయిల్‌ మీద బయటికొచ్చి ఏమయ్యాడో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. భూదందాలు, బెదిరింపులు, హత్యల ఆరోపణలు. పోలీసుల్లోనే కొందరు అతణ్ణి వాడుకున్నారన్న ఆరోపణలు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్‌లో పోయాడు. వ్యాస్‌ హత్యకు, ఆ ఎన్‌కౌంటర్‌కు మధ్య 23 ఏళ్ల ఆరు నెలలు. సిట్‌ వేశారు. సంబంధాలున్నాయంటూ 2017లో కొందరు పోలీసు అధికారులను సస్పెండ్‌ చేశారు, తర్వాత ఆ సస్పెన్షన్లు ఎత్తేశారు. వ్యాస్‌ను చంపించిన కుట్ర గురించి, ఆ తర్వాత తనను ఎవరు మోశారన్న దాని గురించి నయీంకు తెలిసింది నయీంతోనే పోయింది. పోలీసు శాఖ తన అత్యుత్తమ అధికారుల్లో ఒకరి విషయంలోనే నిందితుణ్ణి చివరి తీర్పు దాకా బోనులో నిలబెట్టలేకపోయింది. బయట ఎవరూ అడ్డుపడలేదు. కోర్టు ఆలస్యమని నెపం చెప్పడానికి లేదు. అక్కడ చేతులు జారింది శాఖే.

ఇటు 23 ఏళ్ల ఆరు నెలలు. అటు నాలుగేళ్లకు ఆరు రోజులు తక్కువ. రెండూ ఈ దేశపు కేసులే, రెండింటిలోనూ పోలీసులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తేడా అల్లా నిందితుణ్ణి కోర్టు ఎదుట నిలబెట్టాలని ప్రభుత్వం అనుకుందా లేదా అన్నదే.

హైదరాబాద్‌ ఎస్‌ఆర్‌ నగర్‌ చౌరస్తాలో ఐపీఎస్‌ అధికారి ఉమేశ్‌చంద్ర విగ్రహం ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు. 1999 సెప్టెంబర్‌ 4న సిగ్నల్‌ దగ్గర ఆగిన కారు మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన చేతిలో ఆయుధం లేకుండానే దిగి హంతకుల వెంటపడ్డారు. ఆ సంగతి చాలామందికి తెలుసు. ఆ కారులోనే ఆయన డ్రైవర్‌, గన్‌మన్‌ కూడా పోయారన్నది ఎంతమందికి గుర్తుంది? వాళ్ల పేర్లు అడిగితే ఆ చౌరస్తాలో చెప్పేవాళ్లు దొరకరు. మన సంస్మరణ ఇలాగే ఉంటుంది. ఒకరిని రాతిలో నిలబెట్టి మిగతావాళ్లను జాబితాలో వదిలేస్తాం. ఢిల్లీ చాణక్యపురిలో 2018లో జాతీయ పోలీసు స్మారకాన్ని ఆవిష్కరించినప్పుడు ఆ గోడ మీద 34,844 పేర్లున్నాయి. ఏ పేరు ముందు నిలబడినా ఎవరు పోయారో తెలుస్తుంది. ఎందుకు పోయారో, చంపినవాళ్లకు శిక్ష పడిందో లేదో ఆ గోడ చెప్పదు. చెప్పించాలని ఎవరూ అడగలేదు.

కోర్టుల్లో జాప్యం లేదని నేననడం లేదు. 2018 డిసెంబర్‌ 3న బులంద్‌షహర్‌లో గుంపు చేతిలో ఇన్‌స్పెక్టర్‌ సుబోధ్‌కుమార్‌ సింగ్‌ హతమయ్యారు. నిందితుల్లో కొందరు మరుసటి ఏడాది బెయిల్‌ మీద బయటికొస్తే పూలదండలు వేశారు. ఆ దృశ్యం చూసినవాళ్లెవరికైనా కడుపు రగులుతుంది. కానీ కేసు ఆగలేదు. 2025 ఆగస్టులో అయిదుగురికి యావజ్జీవం, మరో 33 మందికి ఏడేళ్ల జైలు. ఆరేళ్ల ఎనిమిది నెలలు పట్టింది. ఎక్కువే, సందేహం లేదు. అయినా ఈ రోజు సుబోధ్‌ కుటుంబం చేతిలో ఒక తీర్పు ప్రతి ఉంది. ఎవరు ఏం చేశారో రాసి, జడ్జి సంతకం చేసిన కాగితం అది. ప్రమోద్‌ కుటుంబానికి అలాంటి కాగితం ఎప్పటికీ రాదు. వాళ్లకు స్థలం పట్టా వస్తుంది.

జాప్యం తగ్గించే మార్గాలు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. పోలీసు హత్య కేసుకు ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను వేయడం, ప్రత్యేక కోర్టు కోరడం, సాక్షులకు రక్షణ, ఫోరెన్సిక్‌ నివేదిక త్వరగా తెప్పించడం. ఇవన్నీ జీవోలతో అయ్యే పనులు. వాటిని చేయకుండా జాప్యాన్ని చూపి తుపాకీని సమర్థించడం, తలుపు తీయనివాడు గోడ దూకినవాణ్ణి మెచ్చుకున్నట్టుంది.

చప్పట్లు కొట్టేవాళ్లకు ఇంకో సంగతి గుర్తుచేయాలి. 2019 డిసెంబర్‌ 6న చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్‌ కమిషన్‌ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని చెప్పి, పదిమంది పోలీసులను విచారించాలని సిఫారసు చేసింది. పూలు చల్లినవాళ్లలో ఒక్కరూ ఆ పదిమంది వెంట కమిషన్‌ గది దాకా రాలేదు. వేదికల మీద నుంచి కేకలు వేసిన నాయకులూ రాలేదు. కాల్పుల తర్వాత ఎఫ్‌ఐఆర్‌, వేరే విభాగంతో దర్యాప్తు, మేజిస్ట్రేట్‌ విచారణ తప్పనిసరి అని, వెంటనే అవార్డులూ పదోన్నతులూ ఇవ్వరాదని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నియమాలు కానిస్టేబుళ్లకూ రక్షణే. పైవాళ్ల మాట మీద ట్రిగ్గర్‌ నొక్కి, చివరికి బోనులో నిలబడేది వాళ్లే.

పౌరహక్కుల మిత్రులకూ ఒక మాట. 20వ తేదీ గురించి మీరడిగిన ప్రశ్నలు సరైనవి. 17వ తేదీ గురించి కూడా అంతే గట్టిగా అడగండి. ప్రమోద్‌ బతికే హక్కు కూడా హక్కే.

అక్టోబర్‌ 21న చదివే జాబితాను ఏటా సెప్టెంబర్‌ 1 నుంచి ఆగస్టు 31 వరకు లెక్కగడతారు. ఆ లెక్కన ప్రమోద్‌ పేరు 2026 జాబితాలోది. ఆ రోజు ముఖ్యమంత్రిని, డీజీపీని నేను కోరేది ఒక్కటే. ప్రతి పేరుతో పాటు కేసు ఎక్కడుందో కూడా చదవండి. చార్జిషీట్‌ వేశారా, విచారణ మొదలైందా, తీర్పు వచ్చిందా. హత్య కాక ప్రమాదమైతే, ఆ వాహనం ఎవరిది, డ్యూటీ ఎన్ని గంటలది, ఎవరు బాధ్యులు. తుపాకులు తలకిందులు చేసి మౌనం పాటించే ఆ రెండు నిమిషాల ముందే ఇది చదవాలి. ప్రమోద్‌ పేరు దగ్గరకు వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి: ఈ కానిస్టేబుల్‌ నిందితుణ్ణి ప్రాణాలతో స్టేషన్‌కు తెస్తూ చనిపోయారు. ఆ నిందితుణ్ణి మేము కోర్టు దాకా తీసుకెళ్లలేకపోయాం.