మొండితనం కాదు, మొర

బడిగంట మోగగానే చెవులు మూసుకుని నేలమీద పొర్లే పిల్లవాడిని చూసి "పెంపకం సరిగా లేదు" అని తీర్పు చెప్పేవారే మన చుట్టూ ఎక్కువ. బస్సులో, పెళ్లిపందిట్లో, రేషన్ దుకాణం దగ్గర ఆ తల్లి తల వంచుకోవలసి వస్తున్నది. నాలుగు దెబ్బలు వేయమని ఒకరు, తాయెత్తు కట్టించమని మరొకరు సలహా ఇస్తారు. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో ఈ రెండూ పనికిరావు. మొదటిది హాని కూడా చేస్తుంది.

మామూలు పేచీకీ, దీనికీ తేడా ఉన్నది. బొమ్మకోసం ఏడ్చే పిల్లవాడు బొమ్మ చేతికి రాగానే ఊరుకుంటాడు. మెల్ట్‌డౌన్ అనే ఈ స్థితి కోరినది ఇచ్చినా ఆగదు. శబ్దం, వెలుతురు, జనసమ్మర్దం, అనుకోని మార్పు తట్టుకోలేక పిల్లవాడు తనపై తాను అదుపు కోల్పోతాడు. మాటలు రాని పిల్లలలో చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకం కూడా ఈ రూపంలోనే బయటపడవచ్చు. కనుక ఇది మొండితనం కాదు, మొర.

ఆ మొర ఏమిటో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, పెన్సిలు చాలు. తేదీ, వేళ, చోటు వేసి మూడు సంగతులు రాయాలి. అంతకుముందు ఏం జరిగింది? పిల్లవాడు ఏం చేశాడు, ఎంతసేపు? తరువాత పెద్దలు ఏం చేశారు, దేనితో శాంతించాడు? ముందురోజు నిద్ర, తిండి, ఒంట్లో నలత కూడా చేర్చాలి. "మొండికేశాడు" అని రాస్తే ప్రయోజనం లేదు. "మిక్సీ వేయగానే చెవులు మూసుకున్నాడు, తల గోడకు కొట్టుకున్నాడు" అని కంటితో చూసినదే రాయాలి. ప్రశాంతంగా గడచిన రోజులూ రాయాలి. ఆనాడు ఏది మేలు చేసిందో వాటివల్లనే తెలుస్తుంది.

రెండు మూడు వారాలు రాస్తే తరచు ఒక వరుస కనిపిస్తుంది. బడి నుంచి వచ్చిన గంటలోనే గొడవ, ఆ రోజుల్లో మధ్యాహ్నం అన్నం మిగిలింది అనుకుందాం. అప్పుడు చేయవలసినది దండన కాదు. ముందు తిండి, ఆపైన అరగంట సందడి లేని చోటు. మార్పులు కారణమైతే రేపు ఎక్కడికి వెళ్లేదీ బొమ్మలు గీసి ముందే చూపాలి. ఒకేసారి నాలుగు ఉపాయాలు కాక ఒక్కటే కొన్నాళ్లు పాటించి, తగ్గిందా లేదా అని పుస్తకంలోనే సరిచూసుకోవాలి. ఉద్రేకం వచ్చిన సమయంలో మాటలు తగ్గించి, జనాన్ని దూరం పంపి, తగిలే వస్తువులు తీసివేయాలి. ప్రశ్నలు, నీతిబోధలు అప్పుడు పనికిరావు.

స్పృహ తప్పినా, కాళ్లు చేతులు కొట్టుకున్నా, శూన్యంలోకి చూస్తూ పలకకపోయినా మూర్ఛ కావచ్చు. ఆటిజంతోపాటు మూర్ఛ రావడం అరుదు కాదు. వెంటనే వైద్యునికి చూపాలి. అక్కడా ఈ పుస్తకమే అక్కరకు వస్తుంది.

భారమంతా తల్లిమీదే వేయడం న్యాయం కాదు. తండ్రి, నాయనమ్మ, పంతులు కూడా రాయాలి. పుస్తకం బడికీ ఇంటికీ తిరగాలి. విద్యాహక్కు చట్టం 2009లోనే బడిలో దెబ్బలను నిషేధించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలను పరీక్షించే ఏర్పాటు ఉన్నది. మేధో వైకల్యం గలవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ మన సికింద్రాబాదులోనే ఉన్నది. ఇన్ని ఉన్నా పల్లెలోని తల్లికి ఒక పుస్తకం ఎలా రాయాలో చెప్పేవారు లేకపోతే ఏం ప్రయోజనం?

మండలాల్లోని భవిత కేంద్రాల ఉపాధ్యాయులు తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ పద్ధతి నేర్పాలి. ప్రతి బడిలో ఒక నిశ్శబ్దమైన మూల కేటాయించాలి. ఉత్సవ కమిటీలవారు మైకుల హోరు తగ్గించాలి. ఖజానాకు పెద్ద ఖర్చులేని ఈ పనులపై జిల్లా విద్యా, వైద్య శాఖల అధికారులు వెంటనే దృష్టి సారించవలసి ఉన్నది.