కారుకి కోక

ఆడవాళ్ళకి చీరల పిచ్చి అని మగవాళ్ళు అనడం, మనం నవ్వి ఊరుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. కాని ఇప్పుడు ఊళ్ళో ఇంకో రకం చీరల కొట్లు వెలిశాయి. అక్కడికి పరిగెత్తేది మగవాళ్ళు. కట్టించుకునేది మాత్రం కారు!

వినైల్ ర్యాప్ అంటారు దాన్ని. కారుకున్న రంగు మీద ఇంకో రంగు ప్లాస్టిక్ పొరని ఒంటికి అంటుకుపోయేలా అతికించడమన్న మాట. మెరుపు లేని బూడిద రంగు, పాచి ఆకుపచ్చ, ఒకవైపు నుంచి ఊదాగా, ఇంకోవైపు నుంచి నీలంగా కనిపించే నెమలికంఠం - ఏది కావాలంటే అది. కంపెనీవాళ్ళు వేసిన రంగు లోపల భద్రంగా ఉంటుంది, మొహం మొత్తితే ఊడదీసుకోవచ్చు అంటారు. నాకూ రంగులంటే ఇష్టమే. నా తగువు రంగుతో కాదు. దాని ఖర్చుతో, ఆ ఖర్చు చెప్పే పద్ధతితో.

హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడికి ఐ ట్వంటీ ఎన్ లైన్ అనే కారుంది. నాలుగు మీటర్లకి అయిదు మిల్లీమీటర్లు తక్కువ పొడుగు. చిన్న కారే గాని పోకడ రేసు కారుది. దానికి తొడుగు వేయిస్తే 90 వేలవుతుందన్నారట. "ఇంత చిన్న కారుకా?" అన్నాను. "స్పోర్టీ కారు కదత్తా, వంపులెక్కువ" అన్నాడు.

ఆ మాటలో నిజం లేకపోలేదు. జాకెట్లు కుట్టించుకునే మనకి తెలియనిదా! గుడ్డ ఖరీదు ఒక ఎత్తు, కుట్టుకూలి ఒక ఎత్తు. ఈ ప్లాస్టిక్ గుడ్డ మీటరున్నర పన్నాలో చుట్టలుగా వస్తుంది. చిన్న కారుకి పదిహేను, పదహారు మీటర్లు పడుతుంది, అంటే ఇంచుమించు మూడు చీరల పొడుగు. కారు చిన్నదైనా తలుపులు, బంపర్లు, చెవుల్లాంటి అద్దాలు తప్పవు కదా. ఆపైన రేసు పోకడ కనక వెనక తోకలాంటి స్పాయిలరు, పక్కల అంచులు, ముందు గాలి రంధ్రాలు. ప్రతి వంపు దగ్గరా వేడిగాలితో పొరని మెత్తబరిచి, ముడత రాకుండా, దుమ్ము చేరకుండా అతకాలి. ఇద్దరికి రెండు మూడు రోజుల పని. ఆ పనివాళ్ళ నేర్పుని నేను తక్కువ చెయ్యను.

అయితే, 40 వేలకే చేస్తామనేవాళ్ళూ ఉన్నారు. తేడా ఏమిట్రా అంటే మావాడు చెప్పలేకపోయాడు. మనం వంటింటి భాషలో చెప్పుకుందాం. చవక రకం చపాతీలాంటిది. వేడి రోలర్ల మధ్య ఒత్తి సాగదీస్తారు. ఒత్తిన చపాతీ కాసేపటికి వెనక్కి ముడుచుకుంటుంది చూశారూ, ఇదీ అంతే. ఎండ తగిలిన కొద్దీ ముడుచుకుని అంచుల దగ్గర లేస్తుంది. ఖరీదైన రకం మామిడి తాండ్రలాంటిది. పల్చగా పోసి ఆరబెట్టింది. దాన్నెవరూ సాగదీయలేదు కనక అంతగా ముడుచుకోదు, వంపుల్లో చక్కగా ఒదుగుతుంది. 40 వేలకి తాండ్ర దొరుకుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

తాండ్ర రకమైనా చిరంజీవేమీ కాదు. చల్లని దేశాల్లో అయిదారేళ్ళు నిలిచేది మన ఎండల్లో, ఆరుబయట పెట్టిన కారు మీద, ముఖ్యంగా బానెట్టు, టాపుల మీద మూడేళ్ళకే వెలిసిపోవచ్చు. అప్పుడు ఊడదీయించాలి. ఆలస్యం చేస్తే జిగురు గట్టిపడి ముక్కలు ముక్కలుగా వస్తుంది. లోపల ఎక్కడైనా మళ్ళీ రంగు వేయించి ఉంటే ఆ రంగు కూడా లేచి రావచ్చు. ఆ ఊడదీసే కూలి మావాడికి చెప్పిన 90 వేలలో లేదు. 18 శాతం జి.ఎస్.టి. కూడా లేదు. పన్ను ఒక్కటి కలిపితేనే 1,06,200. మూడేళ్ళకి పంచండి - నెలకి 2,950 రూపాయలు!

రంగుని కాపాడుతుంది కదా అంటారు. చిన్న చిన్న గీతల నుంచి కాపాడుతుంది, కాదనను. రోడ్డు మీద ఎగిరే రాళ్ళకి తట్టుకునే మందపాటి పారదర్శకపు పొర వేరే ఉంది. దాని ఖరీదు ఇంకా ఎక్కువ. అసలు చోద్యం ఏమిటంటే, జర్మనీలో టాక్సీలవాళ్ళకి ఇది పొదుపు మార్గం. అక్కడ 1971 నుంచి టాక్సీలన్నీ లేత దంతపు రంగులో ఉండాలని నియమం వచ్చింది. తరవాత కొన్ని రాష్ట్రాలు సడలించాయి లెండి. ఆ రంగు కారుని అమ్మబోతే గిరాకీ ఉండదు. అందుకని మామూలు రంగు కారు కొని, పైన దంతపు రంగు పొర అతికించి, అమ్మేముందు ఊడదీసేవారు. డబ్బు మిగుల్చుకునే ఉపాయం మన పిల్లల చేతిలో పడి ఇలా అయింది.

మా మేనల్లుడి భార్య స్కూల్లో టీచరు. రోజూ రెండు ఆటోలు మారి వెళుతుంది. ఆమె జీతం ఇంటి అద్దెకి సరి. స్కూటరు కొనుక్కుంటానని కిందటేడు నుంచి అడుగుతోంది. "కారు వాయిదాలున్నాయి, చూద్దాం" అని జవాబు. స్కూటరు ఖరీదూ, ఈ తొడుగు ఖరీదూ ఇంచుమించు ఒకటే! అదే మాట అడిగితే, "ఇది నా ప్యాషనత్తా" అన్నాడు. నాకు తెలియక అడుగుతాను, ఆమె అడిగితే ఖర్చు, ఆయన అడిగితే ప్యాషనూనా? మనం పట్టుచీర కొంటే ఇరవై ఏళ్ళు కడతాం, ఆనక కూతురు కడుతుంది, అసలు జరీ అయితే చివర్లో నాలుగు డబ్బులూ వస్తాయి. ఊడదీసిన వినైల్‌కి పాత బట్టలకి గిన్నెలిచ్చే మనిషి కూడా చెంచా ఇవ్వదు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాట ఎత్తితే నాలుగు ప్రశ్నలు అడగండి. పొర చపాతీయా, తాండ్రా? హామీ ఎన్నేళ్ళు, బానెట్టుకీ అన్నేళ్ళేనా? ఊడదీసే కూలి ఎంత? ఆర్.సి.లో రంగు మార్పిస్తున్నారా? ఆర్.సి.లో రంగు రాసి ఉంటుంది. అందులో రాసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. ఇన్సూరెన్సువాళ్ళకీ ముందే చెప్పాలి, లేకపోతే రేపు కారుకి దెబ్బ తగిలితే తొడుగు డబ్బు అడగలేం.

ఈ పత్రిక మావాడింటికీ వస్తుంది. ఒరే అబ్బాయ్, ముందు ఆ పిల్లకి స్కూటరు కొను. ఆ తరవాత నీ కారుకి నెమలికంఠం కడతావో, చిలకపచ్చ కడతావో నీ ఇష్టం. ఆర్.సి. సంగతి మాత్రం మరిచిపోకు.